వాన ఒకచోట, నీళ్లొకచోట



బందరులోనో గుడివాడలోనో ఉంటూ, శనాదివారాల్లో చిన్న తెడ్డు పడవ వేసుకుని దివిసీమ దగ్గర కృష్ణ మీద ఒక పూట తిరిగి రావాలనుకునేవాళ్ల కోసం ఈ ప్రసంగం. కయాక్ అయినా, కనో అయినా, మన తాటి దోనె అయినా నీటి మీద లెక్క ఒకటే. ఇంజను ఉండదు, మన రెండు రెక్కల సత్తువే ఆధారం. అందుకని నీళ్లు ఎటు పోతున్నాయి, ఎంత వడిగా పోతున్నాయి, మనం తిరిగొచ్చే వేళకు ఎటు మళ్లుతాయి అనేది ఒడ్డున ఉండగానే తెలిసి ఉండాలి.

శుక్రవారం సాయంత్రం అందరూ చేసే పని ఒకటుంది. ఫోను తీసి ఆదివారం అవనిగడ్డలో వానుందా లేదా అని చూస్తారు. లేదని కనిపిస్తే సంచి సర్దేస్తారు. నాకు భయం వేసేది అక్కడే. అవనిగడ్డలో పడే వానకూ, అవనిగడ్డ పక్కన కృష్ణలో పెరిగే నీళ్లకూ సంబంధం చాలా తక్కువ.

కృష్ణ పుట్టింది మహాబలేశ్వరంలో. అక్కడ ఏడాదికి 5,000 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. మన మచిలీపట్నంలో ఏడాది మొత్తం కలిపి సుమారు 1,000 మిల్లీమీటర్లు. సహ్యాద్రి కొండల్లో జూలైలో కురిసిన నీళ్లు ఆలమట్టి నింపి, నారాయణపూర్, జూరాల దాటి, శ్రీశైలం, నాగార్జునసాగర్, పులిచింతల నిండాక మన దగ్గరకొస్తాయి. సుమారు 1,400 కిలోమీటర్ల ప్రయాణం. శ్రావణ మాసంలో దివిసీమ రైతు చినుకు కోసం ఆకాశం వంక చూస్తున్న రోజుల్లోనే, పక్కన కృష్ణ రెండు గట్లూ ఒరుసుకుంటూ పోతుండొచ్చు. ఎండ కాస్తోంది కదా అని పడవ దింపితే ఆ ఎండకు ఈ నీళ్లతో ఏ చుట్టరికమూ లేదని నీళ్లలోకి దిగాకే తెలుస్తుంది.

విజయవాడలో ప్రకాశం బ్యారేజీ ఉంది కదా, అది ఆపదా అని అడుగుతారు. ఆపలేదు. బ్యారేజీని కట్టింది కాలువలకు నీళ్లెక్కించడానికి. 1855 నాటికి కట్టిన పాత ఆనకట్ట 1952లో తెగిపోతే, దాని స్థానంలో 1957లో ఈ బ్యారేజీ వచ్చింది. దీని నిల్వ 3 టీఎంసీలకు కాస్త పైన, అంతే. ఒక లక్ష క్యూసెక్కుల ప్రవాహం ఒక రోజంతా వస్తే ఎనిమిదిన్నర టీఎంసీలకు పైనే అవుతుంది. అంటే నిండి ఉన్న బ్యారేజీకి పైనుంచి ఎంతొస్తే అంతా కిందికి వదలక తప్పదు. ఆ వదిలిన నీళ్లే పులిగడ్డ దగ్గరకొచ్చి రెండు పాయలై, దివిసీమను చెరో పక్క నుంచి చుట్టుకుని సముద్రంలో కలుస్తాయి.

అందుకని శుక్రవారం అడగాల్సిన మొదటి ప్రశ్న, బ్యారేజీ నుంచి కిందికి ఎంత వదులుతున్నారు అని. రెండోది, పులిచింతల నుంచి ఎంత వస్తోంది అని. పులిచింతల బ్యారేజీకి సుమారు 85 కిలోమీటర్ల ఎగువన ఉంది కాబట్టి అక్కడ గేట్లెత్తితే మనకు కొన్ని గంటల వ్యవధి దొరుకుతుంది. మూడో ప్రశ్న చాలామంది అడగరు. ఖమ్మం, మహబూబాబాద్ వైపు వానలెలా ఉన్నాయి? మున్నేరు వచ్చి కృష్ణలో కలిసేది పులిచింతలకు దిగువన. ఆ నీళ్లను పట్టి ఉంచే పెద్ద జలాశయం మధ్యలో లేదు. అక్కడ రాత్రి కుండపోతగా కురిస్తే ఆ వరద తిన్నగా బ్యారేజీ మీదికే వస్తుంది.

2024 ఆగస్టు ఆఖరులో జరిగింది ఇదే. పైనుంచి కృష్ణ, పక్కనుంచి మున్నేరు, నెత్తిన విజయవాడ వాన, మూడూ ఒకేసారి కలిశాయి. సెప్టెంబరు మొదటి రెండు రోజుల్లో బ్యారేజీ దగ్గర ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులు దాటింది. అంతకుముందు 2009 అక్టోబరు వరదలో నమోదైన 11.10 లక్షల రికార్డు చెరిగిపోయింది. ఎగువన కట్టి ఉంచిన పెద్ద ఇనుప పడవలు కొట్టుకొచ్చి బ్యారేజీ గేట్లకు గుద్దుకున్నాయి. లోపల మనుషుల్లేని, టన్నుల బరువున్న పడవలకే ఆ గతి పట్టిందంటే, మన ప్లాస్టిక్ పడవ సంగతి వేరే చెప్పాలా?

అధికారుల లెక్కలో బ్యారేజీ దగ్గర 3.97 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలకు రెండో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. ఈ అంకెలు లంక గ్రామాలను ఖాళీ చేయించడానికి పెట్టుకున్నవి. తెడ్డు పడవ వేసేవాడికి కాదు. మొదటి హెచ్చరిక ఇంకా రాలేదు కదా అని ధీమాగా వెళ్లకూడదు. నా మటుకు నేను చెప్పేది ఇది. బ్యారేజీ గేట్లు మూసి ఉన్నప్పుడో, కిందికి ఏ కొన్ని వేల క్యూసెక్కులో పోతున్నప్పుడో మాత్రమే నది మీదికి వెళ్లండి. లెక్క లక్షల్లోకి వచ్చిందా, ఆ వారం కరకట్ట మీద నిలబడి చూసి రండి. 2019 సెప్టెంబరు 15న గోదావరి మీద కచ్చులూరు దగ్గర పర్యాటకుల లాంచీ మునిగింది వరద రోజుల్లోనే. అది ఇంజనున్న పెద్ద పడవ. పదుల ప్రాణాలు పోయాయి.

వరద నీళ్ల ప్రమాదం వడి ఒక్కటే కాదు. తేలుతూ వచ్చే దుంగలు, వేళ్లతో సహా లేచొచ్చిన తుమ్మ చెట్లు, తెగిన వలలు ఉంటాయి. లంకల అంచులు కోసుకుపోతుంటాయి. ఎర్రమట్టి నీళ్లలో తెడ్డు కొన ఎంత లోతులో ఉందో కనిపించదు. వంతెన కాళ్ల దగ్గర, పులిగడ్డ అక్విడక్టు ఖానాల దగ్గర నీళ్లు గుంజుకుంటూ సుడి తిరుగుతాయి. అక్కడ అడ్డం పడ్డ చిన్న పడవను ఇద్దరు మనుషులు లాగినా రాదు.

ఇక ఏడాదిలో ఎక్కువ నెలలు బ్యారేజీ కింద కృష్ణలో పైనుంచి వచ్చే నీళ్లే ఉండవు. అప్పుడు విజయవాడ కింద ఇసుక తిన్నెలు బయటపడతాయి. కానీ నాగాయలంక దగ్గరికి వస్తే నది నిండుగానే కనిపిస్తుంది. ఆ నీళ్లు సముద్రానివి. పోటు మీద ఉప్పునీరు ఎగదన్ని పాయల్లోకి వస్తుంది, పాటు మీద వెనక్కి దిగుతుంది. రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. నిన్న వచ్చిన వేళ కంటే ఇవాళ సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తాయి. వానాకాలంలో ఈ నదికి యజమాని ఎగువ గేటు, మిగతా కాలంలో యజమాని చంద్రుడు.

ఒక చిన్న లెక్క చెబుతాను, కాగితం అక్కర్లేదు. కొత్తగా నేర్చుకున్న మనిషి నిలకడ నీళ్లలో గంటకు 5 కిలోమీటర్లు తెడ్డు వేయగలడనుకుందాం. పాటు వడి గంటకు 3 కిలోమీటర్లు. నాగాయలంక రేవు నుంచి సముద్రం వైపు పాటుతో పోతే గంటకు 8 కిలోమీటర్లు. 6 కిలోమీటర్లు ముప్పావు గంటలో అయిపోతాయి. ఎంత హాయిగా ఉందో అనిపిస్తుంది. అక్కడ మలుపు తిరిగి అదే పాటుకు ఎదురుగా రావాలంటే గంటకు 2 కిలోమీటర్లే సాగుతుంది. అదే 6 కిలోమీటర్లకు 3 గంటలు. మధ్యలో ఊపిరి తీసుకోవడానికి తెడ్డు ఆపితే పడవ వెనక్కి, అంటే సముద్రం వైపు జారుతుంది. వెళ్లేటప్పుడు మనల్ని మురిపించిన నీళ్లే వచ్చేటప్పుడు జబ్బలు పడిపోయేలా చేస్తాయి.

అందుకే నాగాయలంకలో ఒక పడవ మనిషిని "ఇప్పుడు బయల్దేరొచ్చా బాబాయ్?" అని అడిగితే, ఆయన నీళ్ల వంకైనా చూడకుండా, "పాటు ఇంకా లాగతంది బాబూ. కాసేపు ఆగండి. ఆఖరి పాటు మీద పోయి, పోటు మీద వచ్చెయ్యండి" అన్నాడు. దీని కంటే మంచి ప్రణాళిక ఏ పుస్తకంలోనూ లేదు. పాటు అయిపోవస్తుండగా బయలుదేరితే వెళ్లేటప్పుడు వడి తక్కువ. నీళ్లు నిలబడేసరికి మనం తిరిగే చోట ఉంటాం. ఆ తర్వాత పోటు మొదలై మనల్ని లోపలికి, ఊరి వైపుకు తెస్తుంది. చేతులు నొప్పి పుట్టినా, తెడ్డు జారిపోయినా నీళ్లు మనల్ని సముద్రానికి అప్పగించవు. ఆయన నీళ్ల వంక చూడకపోవడానికి కారణం ఉంది. రేవులో కట్టిన పడవలు మూతి ఎటు తిప్పుకున్నాయో చూశాడు. ముందు తాడు కట్టిన పడవ, గాలి లేనప్పుడు, నీళ్లు వచ్చే వైపుకే మూతి పెడుతుంది.

నాగాయలంకలోని శ్రీరామపాద క్షేత్రం ఘాట్ దగ్గర మెట్ల మీద కూర్చుని చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. కింది మెట్లకు పచ్చటి నాచు ఉంటుంది. దానిపైన ఒక తడి గీత. నాచు పైఅంచు రోజూ నీళ్లు ఎక్కే ఎత్తు. తడి గీత ఇవాళ్టి పోటు ఎక్కిన ఎత్తు. తడి గీత కింద మెట్టు ఇంకా మెరుస్తూ ఉంటే పాటు ఇప్పుడే మొదలైందని, గీత దగ్గర ఆరిపోయి తెల్లబడి ఉప్పు పొడి కనిపిస్తుంటే పాటు మొదలై చాలాసేపయిందని అర్థం. ఇంకా నమ్మకం కుదరకపోతే నీటి అంచున ఒక పుల్ల గుచ్చి, టీ తాగి వచ్చి చూడండి. పుల్ల మునిగితే పోటు, పుల్ల ఒడ్డున మిగిలితే పాటు.

ఏ ఆదివారం మంచిదో పంచాంగం చెబుతుంది. అమావాస్య, పున్నమి దాటిన ఒకటి రెండు రోజులు పోటు బాగా ఎక్కుతుంది, పాటు బాగా దిగుతుంది. మన తీరంలో ఆ తేడా మీటరు దాటుతుంది. తేడా పెరిగితే వడీ పెరుగుతుంది. అష్టమి దాటి నవమి, దశమి వచ్చేసరికి తేడా తగ్గిపోతుంది, పాయల్లో నీళ్లు మెత్తగా కదులుతాయి. మన పెద్దలు అష్టమి, నవమి నాడు ప్రయాణం పెట్టుకోవద్దంటారు. పెద్దల మీద గౌరవం ఉంచుకుంటూనే చెబుతున్నాను, కొత్తగా తెడ్డు పట్టినవాళ్లకు నది అంతకంటే నెమ్మదిగా దొరికే రోజులు లేవు. హంసలదీవిలో మాఘ పౌర్ణమికి, మంగినపూడిలో కార్తీక పౌర్ణమికి వేల మంది సముద్ర స్నానాలకు వస్తారు. ఆ రోజుల్లో పోటుపాట్లు పెద్దవి, రేవుల్లో జనం ఎక్కువ. పడవ సరదాకు ఆ వారాలు వద్దు. హంసలదీవి దగ్గర సాగరసంగమంలోకైతే ఏ రోజూ తెడ్డు పడవ తీసుకెళ్లకూడదు. దిగే నది నీళ్లూ, ఎక్కే అలలూ ఎదురెదురుగా కొట్టుకునే చోట అల నిట్టనిలువుగా లేస్తుంది.

దిగే పాటు ఇంకో చిక్కు కూడా తెస్తుంది. మడ అడవి సందుల్లోకి పోటు మీద ముచ్చటగా దూరిపోతాం. ఇంకో గంట ఉందామనుకునేలోగా నీళ్లు జారిపోయి పడవ అడుసులో కూర్చుంటుంది. దిగి నెడదామంటే కాలు తొడదాకా దిగబడుతుంది. మడ చెట్ల చుట్టూ నిలువుగా పొడుచుకొచ్చిన శ్వాస వేళ్లు పాదాలను గీరేస్తాయి. మళ్లీ పోటు వచ్చేదాకా ఆ దోమల మధ్య కూర్చోవాల్సిందే. సందులో దూరే ముందు ఆ వేళ్లకు అంటిన బురద గీత ఎక్కడుందో చూడండి. గీత ఇంకా తడిగా, నీటికి బాగా పైన ఉంటే నీళ్లు దిగిపోతున్నట్టే, లోపలికి పోవద్దు. పాయలకు అడ్డంగా కర్రలు నాటి వలలు కట్టి ఉంటాయి, అవి ఒక కుటుంబం కూడు. పక్కనుంచి తప్పుకుని పోవాలి.

గాలి సంగతి త్వరగా చెప్పేస్తాను. పొద్దున్నే నది అద్దంలా ఉంటుంది. ఎండ ఎక్కాక సముద్రం నుంచి గాలి లేస్తుంది, మధ్యాహ్నానికి నిలదొక్కుకుంటుంది. గాలి ఒకవైపు, నీళ్లు ఇంకోవైపు పోతుంటే చిన్న నదిలో కూడా అలలు లేస్తాయి. అందుకని తెల్లవారగానే దిగి, పది పదకొండుకల్లా ఒడ్డెక్కేలా పోటు వేళ కుదిరిన వారాన్నే ఎంచుకోండి. ఏప్రిల్, మే నెలల సాయంత్రాల్లో పిడుగులు ఇంకో భయం. నడి నదిలో అన్నిటికంటే ఎత్తుగా ఉండేది పడవలో కూర్చున్న మనిషి తలే. ఉరుము వినపడిందంటే ఒడ్డు పట్టాలి.

గుడివాడ శ్రోతలు అడగొచ్చు, ఇంత దూరం ఎందుకు, మా ఊరి కాలువల్లో వేసుకోకూడదా అని. ఒకప్పుడు బెజవాడ నుంచి బందరు కాలువ మీద జనం పడవల్లోనే ప్రయాణించేవారు కాబట్టి ఆ ఆశ సహజం. కానీ ఇప్పటి కాలువల్లో లాకులు, తూములు, నెత్తికి తగిలే వంతెనలు, గుర్రపుడెక్క. రెగ్యులేటరు దగ్గర నీళ్లు లోపలికి గుంజుకునే చోట చిన్న పడవకు దారి లేదు. అయితే వానకూ నీటిమట్టానికీ ఉన్న సంబంధం ఇక్కడ చిత్రంగా ఉంటుంది. డెల్టాలో పెద్ద వాన పడితే పొలాలకు నీళ్లు అక్కర్లేదు కాబట్టి కాలువకు నీళ్లు తగ్గిస్తారు. అదే సమయంలో పక్కనున్న మురుగు డ్రెయిన్ పొంగుతుంది. గట్టుకు ఇటు కాలువ దిగుతుంటే అటు డ్రెయిన్ ఎక్కుతుంది. ఆ డ్రెయిన్లు చివరికి కొల్లేరుకో, ఉప్పుటేరుకో, తిన్నగా సముద్రానికో చేరాలి. సముద్రం పోటు మీద ఉంటే అవి దిగలేక వెనక్కి తంతాయి. 2024 వరదలో విజయవాడను ముంచిన బుడమేరు వాగు నీళ్లు ఆ తర్వాత గుడివాడ పక్కన నందివాడ మండలం ఊళ్ల మీదికొచ్చాయి. వాన వెలిసి ఎండ కాస్తున్న రోజుల్లో ఇళ్లలో నీళ్లు నిలిచాయి. ఆ నీళ్లు బురదవి, వాటిలో కరెంటు తీగలు ఉండొచ్చు, పాములు ఉంటాయి. వరద నీళ్లలో సరదాకు పడవ దింపడం నాకు అస్సలు ఇష్టం లేదు. అక్కడికి పడవ పోతే సాయానికే పోవాలి.

మరి ఏ నెలలు? జూలై నుంచి సెప్టెంబరు దాకా ఎగువ వరద. అక్టోబరు, నవంబరుల్లో ఈశాన్య రుతుపవనాలు, బంగాళాఖాతంలో వాయుగుండాలు. 1977 నవంబరు 19న దివిసీమ మీదికి ఉప్పెన వచ్చింది ఆ రోజుల్లోనే. పదివేల మందికి పైగా పోయారు. పాలకాయతిప్ప, సొర్లగొంది పేర్లు వింటే ఈనాటికీ పెద్దవాళ్ల గొంతు మారుతుంది. అంతకు ముందు, 1864 నవంబరు 1న బందరు కూడా అలాగే మునిగింది. డిసెంబరు వచ్చింది కదా అని నిశ్చింతగా ఉండటానికీ లేదు. మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది 2023 డిసెంబరు 5న. అందుకని నేనైతే డిసెంబరు మధ్య నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా ఉన్న ఆదివారాలను ఎంచుకుంటాను. అప్పటికి బ్యారేజీ కింద ప్రవాహం సన్నగిల్లుతుంది, ఎండ వేధించదు, వలస పక్షులు పాయల్లో దిగి ఉంటాయి. పొద్దున మంచు దట్టంగా ఉంటే మాత్రం అది విడేదాకా ఒడ్డునే ఉండాలి. మంచులో ఎదురొచ్చే పంటుకు మన పడవ కనిపించదు.

సమాచారానికి కొదవ లేదు. వాతావరణ శాఖ డాప్లర్ రాడార్ మన బందరులోనే ఉంది, చుట్టూ మబ్బు ఎక్కడ కురుస్తోందో దాని చిత్రాల్లో కనిపిస్తుంది. పసుపు, నారింజ, ఎరుపు హెచ్చరికలు ఏ జిల్లాకు ఇచ్చారో చూడండి. భారీ వాన అంటే వాతావరణ శాఖ లెక్కలో ఒక రోజులో 64.5 మిల్లీమీటర్లు, ఆ పైన. ఆ హెచ్చరిక కృష్ణా జిల్లాకే కాదు, ఖమ్మానికి, ఎన్టీఆర్ జిల్లాకు ఇచ్చినా మన ప్రయాణం వాయిదాయే. కెరటాల హెచ్చరికలు హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇస్తుంది. వరద రోజుల్లో బ్యారేజీ ప్రవాహం రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ ప్రకటిస్తుంది, మన ఆకాశవాణి వార్తల్లోనూ వస్తుంది. ఇవన్నీ చూశాక కూడా రేవులో పడవ మనిషి వద్దంటే, ఆయన మాటే ఆఖరి మాట.

దివిసీమ చివరి మడ అడవుల్లో చాలాభాగం కృష్ణా అభయారణ్యం. బావురు పిల్లి తిరిగే చోటు. అటవీ శాఖ అనుమతి లేకుండా లోపలికి వెళ్లకూడదు. కాబట్టి వెళ్లే వారం ముందే వాళ్లను కలుసుకోండి. ఒంటరిగా వెళ్లొద్దు, రెండు పడవలుగా వెళ్లండి. లైఫ్ జాకెట్ పడవలో పెట్టుకుంటే సరిపోదు, ఒంటికి బిగించి కట్టుకోవాలి, ఈత వచ్చినవాళ్లతో సహా. తాగే నీళ్లు కావలసినదానికి రెట్టింపు పెట్టుకోండి, చుట్టూ ఉన్న నీళ్లు ఉప్పువి. ఫోను నీళ్లు చొరని సంచిలో వేసి మెడలో వేసుకోండి, ఆపదలో 112కు చేయవచ్చు. ఎటు వెళుతున్నారో, ఎన్ని గంటలకు ఒడ్డెక్కుతారో ఇంట్లో ఒకరికీ, రేవులో ఒకరికీ చెప్పి వెళ్లండి. తిరిగి రాగానే రేవులో మనిషికి కనిపించి వెళ్లడం మరచిపోవద్దు. లేకపోతే ఆయన చీకటి పడ్డాక తన పడవ తీసుకుని మిమ్మల్ని వెతకడానికి బయలుదేరతాడు.